విజిల్ ఎక్కడికీ పారిపోదు

రిఫరీ చెయ్యి పైకి లేచింది. విజిల్ ఇంకా మోగలేదు. పవర్ ప్లే ఆడుతున్న జట్టు దగ్గరే పక్ ఉంది. ఎదుట ఉన్నది నలుగురే, ఆ నలుగురిలో ఒకడు ఇప్పుడే ఇంకో తప్పు చేశాడు. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలి? ఉత్తర అమెరికాలో ఏ ఐస్ హాకీ రింకు దగ్గర నిలబడి అడిగినా, టీవీలో ఏ వ్యాఖ్యాత మాట విన్నా దాదాపు ఒకటే జవాబు. "ఆలస్యం చెయ్యొద్దు. పక్‌ని గోలీ మీదికి కొట్టెయ్. అతను పట్టుకుంటాడు, విజిల్ మోగుతుంది, ఇక మనం ఐదుగురం, వాళ్లు ముగ్గురు." వినడానికి ఇది ఆట లోతు తెలిసినవాడి మాటలా ఉంటుంది. పైగా ఓపిక లేని ప్రేక్షకుడి మనసుకు కూడా నచ్చుతుంది. కానీ ఇది లెక్కను సగంలో ఆపేసినవాడి మాట. మిగతా సగం కూడా చేసి చూస్తే జవాబు తిరగబడుతుంది.

డాలస్ పక్కన ఫ్రిస్కోలో స్టార్స్ జట్టు ప్రాక్టీసు చేసే రింకు ఉంది. ఆ ఊళ్లో తెలుగు ఇళ్లకు కొదవ లేదు. అక్కడ పెరిగే పిల్లలకు ఈ ఆట నియమాలు విడమరచి చెప్పాల్సిన పని లేదు. పవర్ ప్లే అనగానే ముప్పై గజాల వలయం గుర్తొచ్చే మనబోటి వాళ్ల కోసం మాత్రం నాలుగు మాటలు చెప్పాలి.

మంచు మీద ఒక్కో జట్టుకు ఐదుగురు స్కేటర్లు, గోల్ కాసే ఒక గోలీ ఉంటారు. మైనర్ పెనాల్టీ పడినవాడు రెండు నిమిషాలు బాక్సులో కూర్చుంటాడు, అతని జట్టు నలుగురితో నెట్టుకొస్తుంది. అవతలి జట్టుకు అదే పవర్ ప్లే. తప్పు జరిగిన క్షణంలో పక్ బాధిత జట్టు దగ్గరే ఉంటే రిఫరీ ఆట ఆపడు, చెయ్యి మాత్రం ఎత్తుతాడు. తప్పు చేసిన జట్టు పక్‌ని తన అదుపులోకి తెచ్చుకున్న మరుక్షణం విజిల్ ఊదుతాడు. దీన్నే డిలేడ్ పెనాల్టీ అంటారు. ఈ వ్యవధిలో తప్పు చేసిన జట్టుకు గోల్ కొట్టే అవకాశమే లేదు, పక్ అందుకోగానే ఆట ఆగిపోతుంది కదా. అందుకని బాధిత జట్టు తన గోలీని బెంచికి రప్పించి ఆరో స్కేటర్‌ని దింపుతుంది. మామూలు సమయంలో ఇది ఆరుగురికీ ఐదుగురికీ మధ్య ఆట. అప్పటికే పవర్ ప్లే నడుస్తుంటే ఆరుగురికీ నలుగురికీ మధ్య ఆట.

గొడవంతా ఈ రెండో సందర్భం గురించే. ఎందుకంటే బాక్సులో ముందే కూర్చున్న మొదటివాడి గడియారం ఈలోగా ఆగదు. అతనికి ఇంకా డెబ్బై సెకన్ల శిక్ష మిగిలి ఉండగా రిఫరీ చెయ్యి లేచిందనుకుందాం. వెంటనే విజిల్ మోగితే ఆ డెబ్బై సెకన్లూ ఐదుగురు ముగ్గురి మీద ఆడొచ్చు. పక్‌ని పట్టుకుని ఇరవై అయిదు సెకన్లు తిరిగితే ఆ ముచ్చట నలభై అయిదు సెకన్లకు కుదించుకుపోతుంది. "బంగారంలాంటి సెకన్లను చేజేతులా పారబోసుకోవడం కాక ఇదేమిటి?" అన్నది విజిల్ పక్షం వాదన.

ఐదు–మూడు ఆట బంగారమే, అందులో నాకు పేచీ లేదు. నేషనల్ హాకీ లీగ్‌లో సగటు జట్టు పవర్ ప్లే అయిదింట ఒకసారి గోల్ ఇస్తుంది. లీగ్ చరిత్రలో అన్నిటికన్నా మెరుగ్గా ఆడిన 2022–23 ఎడ్మంటన్ ఆయిలర్స్ కూడా 32.4 శాతం దగ్గరే ఆగారు. అంటే మూడింట రెండుసార్లు వాళ్లకూ గోల్ రాలేదు. ఐదు–మూడులో గోల్ పడే వేగం, ఐదు–నాలుగుతో పోలిస్తే స్థూలంగా రెండున్నర నుంచి మూడు రెట్లు. ముగ్గురు మనుషులు 85 అడుగుల వెడల్పును కాపలా కాయలేరు. ఎక్కడో ఒకచోట ఒక షూటర్ ఖాళీగా నిలబడే ఉంటాడు.

ఇంతవరకూ విజిల్ పక్షం చెప్పేది నిజమే. వాళ్లు తూచే పద్ధతి మాత్రం తప్పు. ఒక పళ్లెంలో ఆరు–నాలుగును, రెండో పళ్లెంలో ఐదు–మూడును పెడతారు. రెండోది బరువుగా కనిపించగానే తీర్పు చెప్పేస్తారు. మొదటి పళ్లెంలో పెట్టాల్సిన వస్తువు ఇంకొకటి ఉంది. దాన్ని చూడరు.

ఆ డెబ్బై సెకన్ల ఉదాహరణే చివరిదాకా నడిపిద్దాం. వెంటనే విజిల్ మోగితే 70 సెకన్లు ఐదు–మూడు, ఆ తర్వాత రెండో పెనాల్టీలో మిగిలిన 50 సెకన్లు ఐదు–నాలుగు. మొత్తం 120. పక్‌ని 25 సెకన్లు పట్టుకుంటే ముందు 25 సెకన్లు ఆరు–నాలుగు, తర్వాత 45 సెకన్లు ఐదు–మూడు, ఆపైన 75 సెకన్లు ఐదు–నాలుగు. మొత్తం 145. రెండో పెనాల్టీ విజిల్ మోగాకే మొదలవుతుంది. అది ఎంత ఆలస్యంగా మొదలైతే అంత ఆలస్యంగా ముగుస్తుంది. దాంట్లోంచి ఒక్క సెకను కూడా ఎవరూ కోసుకోరు.

తేడా చూడండి. ఐదు–మూడులో 25 సెకన్లు పోయాయి. వాటికి బదులు 25 సెకన్ల ఆరు–నాలుగు వచ్చింది, చివర్లో మరో 25 సెకన్ల ఐదు–నాలుగు కూడా వచ్చింది. పోయిన ప్రతి సెకనుకూ రెండు సెకన్లు చేతికొచ్చాయి. కాబట్టి అడగాల్సిన ప్రశ్న "ఆరు–నాలుగు గొప్పదా, ఐదు–మూడు గొప్పదా" అన్నది కాదు. "ఆరు–నాలుగు, ఐదు–నాలుగు రెండూ కలిపితే ఐదు–మూడును మించుతాయా" అన్నది. ఐదు–నాలుగు విలువను ఒకటి అనుకుంటే ఐదు–మూడు విలువ రెండున్నర నుంచి మూడు. అందులోంచి ఒకటి తీసేస్తే ఆరు–నాలుగు దాటాల్సిన గీత ఒకటిన్నర నుంచి రెండు మధ్య ఎక్కడో ఉంటుంది. ఆరు–నాలుగు మూడుకు సమానం కానక్కర్లేదు. రెండుకు చేరితే చాలు.

చేరుతుందా? ఇక్కడ ఇంకో పొరపాటు జరుగుతుంది, ఇది గణాంకాలు చదివేవాళ్లు కూడా చేసేదే. ఐదు–నాలుగు ఆటకు వేసే సగటులో రెండు నిమిషాల్లోని చెత్త అంతా కలిసే ఉంటుంది. ఆట మళ్లీ మొదలయ్యేటప్పుడు పక్ కోసం ఇద్దరు తలపడే ఫేసాఫ్‌ను ఓడిన సెకన్లు, ఎదుటివాళ్లు పక్‌ని రెండొందల అడుగుల అవతలికి విసిరితే వెనక్కి వెళ్లి తెచ్చుకున్న సెకన్లు, ఎదుటి మండలానికి హద్దైన నీలి గీత దాటలేక మధ్యలో తచ్చాడిన సెకన్లు, అన్నీ. మనుషులు తగ్గిన జట్టుకు ఐసింగ్ నియమం వర్తించదు, కాబట్టి వాళ్లు పక్‌ని ఎంత దూరమైనా విసిరెయ్యొచ్చు. ప్రతి విసురుకూ దాడి చేసే జట్టు మళ్లీ మొదటి నుంచి అల్లుకోవాలి. ఐదు–మూడు సగటులో కూడా ఈ చెత్త ఉంటుంది, కాస్త తక్కువగా. డిలేడ్ పెనాల్టీ సమయంలో ఈ చెత్త ఉండనే ఉండదు. ఎదుటివాళ్లకు పక్ చిక్కి విసిరే లోపే విజిల్ మోగుతుంది. ఆ వ్యవధి మొత్తం, నిర్వచనం ప్రకారమే, పక్ మన దగ్గరున్న సమయం. అదీ ఎదుటి జట్టు మండలంలో, వ్యూహం పరుచుకుని ఉన్నప్పుడైతే పవర్ ప్లేలో అంతకన్నా శుద్ధమైన సెకన్లు దొరకవు. ఐదుగురితో అలాంటి సెకన్లు సగటు కన్నా ఎంతో విలువైనవి. వాటికి ఆరోవాడిని కలిపి, వెనక గోల్ పడుతుందన్న భయాన్ని తీసేస్తే రెండు రెట్ల గీత ఒక లెక్కే కాదు.

గోల్ పడితే ఏమవుతుందో కూడా చూద్దాం, ఎందుకంటే విజిల్ పక్షం అసలు తడిమి చూడని మూల అది. 1955 నవంబర్ 5న మాంట్రియల్ కెనేడియన్స్ ఆటగాడు జాన్ బెలివో బోస్టన్ మీద ఒకే పవర్ ప్లేలో 44 సెకన్లలో మూడు గోల్స్ కొట్టాడు. అప్పట్లో ఎన్ని గోల్స్ పడినా శిక్ష పూర్తిగా రెండు నిమిషాలూ సాగేది. 1956లో లీగ్ నియమాన్ని మార్చింది, గోల్ పడగానే మైనర్ పెనాల్టీ ముగిసిపోయేటట్టు. ఆ మార్పు నీడ ఈనాటికీ డిలేడ్ పెనాల్టీ మీద ఉంది. జట్లు రెండూ సమానంగా ఉన్నప్పుడు డిలేడ్ పెనాల్టీ మీద గోల్ పడితే ఆ మైనర్ రద్దవుతుంది. కానీ అప్పటికే మైనర్ శిక్ష మీద నలుగురితో ఆడుతున్న జట్టు మీద గోల్ పడితే సంగతి వేరు. బాక్సులో ఉన్న మొదటివాడు బయటికొస్తాడు. చెయ్యెత్తి చూపిన రెండో పెనాల్టీ మాత్రం పూర్తిగా అమలవుతుంది. గోల్‌కు గోల్, దాని వెంటే కొత్తగా నిండు రెండు నిమిషాల పవర్ ప్లే.

విజిల్ తెప్పించుకుని, ఐదు–మూడులో ఇరవయ్యో సెకనున గోల్ కొట్టామనుకోండి. మొదటివాడు బయటికొస్తాడు, రెండోవాడికి మిగిలేది వంద సెకన్లు. అదే ఇరవయ్యో సెకనున ఆరు–నాలుగులో కొడితే మిగిలేది నూట ఇరవై. ఏ కొమ్మ పట్టుకున్నా పళ్లు ఎక్కువ కాసేది ఆగినవాడికే.

క్రికెట్ తెలిసిన పాఠకుడికి ఈ స్థితి పరిచయమే. అంపైర్ చెయ్యి చాచి నో-బాల్ అన్నాడు, ఆ బంతికి బౌల్డ్ లేదు, క్యాచ్ లేదు, ఆపైన ఫ్రీ హిట్ ఎలాగూ రాబోతోంది. ఫ్రీ హిట్ త్వరగా రావాలని ఆ నో-బాల్‌ని బుద్ధిగా డిఫెన్స్ ఆడి వదిలేసే బ్యాటర్‌ని ఎవరైనా మెచ్చుకుంటారా?

మెచ్చుకోరు. కానీ హాకీలో మెచ్చుకుంటారు. నీలి గీత దగ్గర్నుంచి ఒక నిస్సారమైన షాట్ కొట్టి, గోలీ దాన్ని పొట్టకు అదుముకుంటే, "తెలివైన పని" అని వ్యాఖ్యాత అంటాడు. ఆ తెలివైన పని తర్వాత ఏం జరుగుతుందో వరుసగా చూడాలి. విజిల్ మోగింది. నిమిషం నుంచి మంచు మీద పరిగెడుతూ, ఊపిరి అందక కర్రల మీద వాలిపోయిన నలుగురు రక్షకుల్లో తప్పు చేసినవాడు బాక్సుకి, మిగతా ముగ్గురు బెంచికి చేరారు. వాళ్ల కోచ్ కొత్తగా ముగ్గురిని ఏరి పంపాడు. గోలీ ముసుగెత్తి నీళ్లు తాగాడు. వాళ్ల దగ్గర టైమౌట్ మిగిలి ఉంటే అదీ వాడుకోవచ్చు. తర్వాత ఫేసాఫ్. అది వాళ్ల మండలంలోనే జరుగుతుంది, నిజమే. కానీ ఫేసాఫ్‌లో లీగ్‌లోని మేటి సెంటర్లు కూడా వందకు అరవై గెలవడం గగనం. అంటే ఇప్పటిదాకా నూటికి నూరుపాళ్లూ మన చేతిలో ఉన్న పక్‌ని తీసుకెళ్లి దాదాపు బొమ్మా బొరుసూ ఆటలో పెట్టాం. ఓడితే పక్ రింకు అవతలి చివరికి పోతుంది. తెచ్చుకుని, దాటించి, మళ్లీ పరుచుకునే సరికి పదిహేను ఇరవై సెకన్లు ఆవిరి. ఏ సెకన్లు? విజిల్ పక్షం కాపాడతామన్న ఆ బంగారు సెకన్లే.

"అవతలివాళ్లు విశ్రాంతి తీసుకుంటే మనవాళ్లూ తీసుకుంటారుగా" అంటారు. తీసుకుంటారు. కానీ అలసట రెండు పక్షాలకూ సమానం కాదు. పక్ ఉన్నవాడు నిలబడి పాస్ ఇస్తాడు. లేనివాడు ప్రతి పాస్ వెనకా కదలాలి, ఆగాలి, తిరగాలి, షాట్‌కు అడ్డం పడాలి. తక్కువ మందితో కాచుకునే పెనాల్టీ కిల్‌లో షిఫ్టులు, అంటే మంచు మీద ఒక్కో విడత, ముప్పై నలభై సెకన్లకు కుదించేది అందుకే. దాటితే కాళ్లు మాట వినవు. పక్ మన దగ్గర ఉన్నంతసేపూ ఆ నలుగురూ మారలేరు. కాలు లాగేసినవాడు, తప్పు చేసినవాడు, కర్ర విరిగినవాడు, అందరూ అక్కడే. ఆటలో ఇంత అలసిన రక్షణ ఎదురుగా దొరకడమే అరుదు. అలాంటి వేళ ఆట ఆపి వాళ్లకు కుర్చీ వేస్తామనడం ఏ రకం దూకుడో నాకు అర్థం కాదు. ఆ క్షణంలో ఆ నలుగురిని అడిగి చూడండి, విజిల్ మోగాలని వాళ్లే మొక్కుకుంటుంటారు.

ఐదు–మూడు మీద మోజుకు సమాధానంగా 2008 స్టాన్లీ కప్ ఫైనల్ నాలుగో ఆటను గుర్తు చెయ్యాలి. పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్ సొంత రింకులో, మూడో పీరియడ్‌లో, ఒక గోల్ వెనకబడి ఉండగా దాదాపు నిమిషంన్నర ఐదు–మూడు దక్కింది. సిడ్నీ క్రాస్బీ, ఎవ్గెనీ మాల్కిన్ ఇద్దరూ ఆ జట్టులోనే. డెట్రాయిట్ వైపు హెన్రిక్ జెటర్‌బర్గ్ తన జీవితంలో గుర్తుండిపోయే షిఫ్టు ఆడాడు. గోల్‌స్తంభం పక్కన క్రాస్బీ కర్రను కదలనివ్వలేదు. గోల్ పడలేదు. డెట్రాయిట్ 2–1తో గెలిచింది, తర్వాత కప్ కూడా గెలిచింది. ఒక్క ఆటతో సూత్రం తేలదు, నాకూ తెలుసు. కానీ "ఐదు–మూడు దొరికితే గోల్ పడ్డట్టే" అని చెప్పేవాళ్ల మనసులో కూడా ఒక్కో ఆటే ఉంటుంది, గోల్ పడిన ఆట.

ఇక ఎదురు వాదనలు. అందులో బలహీనమైనది ఖాళీ గోల్ భయం. 1979 నవంబర్ 28న డెన్వర్‌లో కొలరాడో రాకీస్ జట్టు డిలేడ్ పెనాల్టీ మీద గోలీని బయటికి తీసింది. వాళ్ల డిఫెన్స్‌మన్ రాబ్ రామేజ్ వెనక్కి ఇచ్చిన పాస్ ఎవరికీ అందక రింకు పొడవునా జారి సొంత గోల్‌లో పడింది. ఎదుటి జట్టులో చివరిసారి పక్ తాకింది న్యూయార్క్ ఐలాండర్స్ గోలీ బిల్లీ స్మిత్. లీగ్ చరిత్రలో గోల్ ఖాతాలో పడిన మొదటి గోలీ అతనే అయ్యాడు. 2013లో మార్టిన్ బ్రోడర్ ఖాతాలో కూడా ఒకటి ఇలాగే పడింది, ఆ పాస్ కరోలినా ఆటగాడు జోర్డన్ స్టాల్‌ది. ఈ కథలు ప్రతి వ్యాఖ్యాతకూ కంఠతా వచ్చు. ఇన్ని దశాబ్దాల్లో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని కథలు కాబట్టే కంఠతా వచ్చాయి. పైగా వాటి గుణపాఠం పక్ వదిలెయ్యమని కాదు, గుడ్డిగా వెనక్కి పాస్ ఇవ్వొద్దని. పవర్ ప్లే పరుచుకున్నప్పుడు పక్ అసలు నీలి గీత దాటి వెనక్కి రావాల్సిన పని లేదు.

ప్రమాదం గురించి అంత పట్టింపు ఉన్నవాళ్లు మరో వైపు కూడా చూడాలి. ఐదు–మూడులో, ఐదు–నాలుగులో ఎదుటి జట్టు పక్ లాక్కుని గోల్ కొట్టొచ్చు, ప్రతి సీజన్లోనూ కొడతారు. అమెరికా, కెనడాల్లో నడిచే మహిళల ప్రొఫెషనల్ లీగ్‌లో అయితే, అలా తక్కువ మందితో గోల్ కొట్టిన జట్టుకు బాక్సులో ఉన్న క్రీడాకారిణి వెంటనే బయటికొస్తుంది. డిలేడ్ పెనాల్టీ సమయంలో వాళ్లు మన మీద గోల్ కొట్టలేరు. మొత్తం పవర్ ప్లేలో అలాంటి హామీ ఉన్న సెకన్లు ఇవే. వాటినే ముందుగా పారేస్తానంటున్నారు.

రెండో వాదన కాస్త బరువైనది. ఆరోవాడు వస్తే గుంపు పెరుగుతుంది, అలవాటైన 1-3-1 వ్యూహం చెదురుతుంది, పాస్‌లకు దారులు మూసుకుపోతాయి, ముగ్గురి మీద ఆడేటప్పుడు ఉండే విశాలం ఇక్కడ ఉండదు అంటారు. చాలా జట్లు ఆరు–నాలుగు ఆడుతుంటే ఈ మాట నిజమే అనిపిస్తుంది. ఆరోవాడు దిగి ఎక్కడ నిలబడాలో తెలియక నీలి గీత మీద తచ్చాడుతుంటాడు. కానీ ఆ తప్పు అంకెది కాదు, ప్రాక్టీసుది. ఆట చివర్లో గోలీని తీసేసి ఆరుగురితో ఆడటం ప్రతి జట్టూ సాధన చేస్తుంది. పవర్ ప్లే మీద చెయ్యి లేచినప్పటి ఆరు–నాలుగును వారానికి పది నిమిషాలు సాధన చేసే కోచ్ ఎంతమంది? ఆరోవాడు చెయ్యాల్సిన పని ఒకటే, గోల్ ముందు రెండో మనిషిగా నిలబడటం. ఒకడు గోలీ కళ్లకు అడ్డంగా, రెండోవాడు దూరపు స్తంభం దగ్గర. నలుగురు రక్షకుల్లో ఇద్దరు వాళ్లకు అతుక్కుపోవాలి. బయట మిగిలేది నలుగురు మనవాళ్లు, ఇద్దరు వాళ్లవాళ్లు. ఇప్పుడు విశాలం లేదని ఎవరనగలరు?

మూడోదే వాళ్ల అసలైన ఆయుధం. "షాట్ కొట్టమంటే పక్ పారెయ్యమని కాదు. కొడితే గోల్ పడొచ్చు. గోలీ తిప్పికొడితే ఆట సాగుతుంది, మళ్లీ కొట్టొచ్చు. పట్టుకుంటే ఐదు–మూడు. ఎటు చూసినా లాభమే" అంటారు. ఈ మాటలో నిజం ఉంది. ఆ నిజమే వాళ్లను తప్పుదారి పట్టిస్తోంది. కిందపడినా లాభమే అని ముందే తెలిసినవాడు చూసుకుని అడుగెయ్యడు. షూటర్ ముందు ఉన్న ప్రశ్న ఎప్పుడూ ఒకటే, ఈ షాట్ మంచిదా కాదా. విజిల్ అనే ఓదార్పు బహుమతి చూపించగానే ఆ ప్రశ్న మాయమవుతుంది. ఖాళీగా ఉన్నవాడికి ఇంకొక్క పాస్ ఇస్తే దొరికే షాట్ వదిలేసి, అరవై అడుగుల దూరం నుంచి తెర లేని షాట్ కొడతాడు. ఎడమ వలయం దగ్గర అలెక్స్ ఒవెచ్కిన్ కర్రెత్తి పాస్ కోసం ఎదురుచూస్తుంటే, నీలి గీత దగ్గర పాయింట్ మీద ఉన్నవాడు విజిల్ కోసం గోలీ పొట్టలోకి కొట్టాడనుకోండి. పవర్ ప్లే గోల్స్‌లో లీగ్ చరిత్రలోనే అందరికన్నా ముందున్న మనిషిని పక్కన పెట్టి కొనుక్కున్న విజిల్ అది. కొట్టొద్దని నేననడం లేదు. కొట్టాలి, గోల్ కోసం కొట్టాలి.

ఈ ఆటలో పాత అలవాటు ఎంత మొండిదో తెలుసుకోవాలంటే గోలీని తీసే సంగతే చూడొచ్చు. ఒక గోల్ వెనకబడితే చివరి నిమిషం దాకా ఆగి గోలీని తీయడం దశాబ్దాల ఆచారం. 2013లో కొలరాడో అవలాంచ్ కోచ్‌గా వచ్చిన పాట్రిక్ రువా అంతకన్నా చాలా ముందే తీయడం మొదలుపెడితే వింతగా చూశారు. తను స్వయంగా చరిత్రలోని గొప్ప గోలీల్లో ఒకడు, ఆ ఖాళీ గోల్ చూస్తే ఎలా ఉంటుందో ఆయనకన్నా ఎవరికి తెలుసు? 2018లో క్లిఫ్ ఆస్నెస్, ఆరన్ బ్రౌన్ అనే ఇద్దరు పెట్టుబడి రంగం మనుషులు లెక్క కట్టి, కోచ్‌లు తీస్తున్న సమయం కన్నా ఎన్నో నిమిషాల ముందే తీయాలని చూపారు. ఇప్పుడు రెండు మూడు నిమిషాలు ఉండగానే గోలీ బెంచికి పరుగెత్తితే ఎవరూ కళ్లు పెద్దవి చెయ్యరు. అప్పటి ఆచారం కూడా అనుభవజ్ఞుల నోటి నుంచి వచ్చిందే.

విజిల్ పక్షం నెగ్గే సందర్భాలు లేకపోలేదు. అన్నిటికన్నా స్పష్టమైనది ఆట చివరి నిమిషం. మూడో పీరియడ్‌లో యాభై సెకన్లే ఉన్నాయి, ఒక గోల్ వెనకబడి ఉన్నాం. అప్పుడు చివర్లో అదనంగా వచ్చే ఐదు–నాలుగు సెకన్లకు విలువే లేదు, అవి వచ్చేసరికి ఆట అయిపోతుంది. పైగా విజిల్ మోగాక కూడా గోలీని బయటే ఉంచి ఆరుగురు ముగ్గురి మీద ఆడొచ్చు. అక్కడ ఆరు–నాలుగుతో కాలక్షేపం చెయ్యడం నిజంగా దండగ. అలాగే పక్ మన మండలంలో ఇరుక్కుని ఉన్నప్పుడు, మధ్య మండలంలో ఎదుటివాళ్లు మీద పడుతున్నప్పుడు, దాన్ని ముందుకు తెచ్చే కష్టం కన్నా వదిలేసి ఫేసాఫ్ తీసుకోవడమే మేలు. నేను ఆగమంటున్నది పక్ చక్కగా చేతిలో ఉండి, వ్యూహం పరుచుకుని ఉన్నప్పుడు. మొదటి రెండు పీరియడ్లలో చెయ్యి లేచే సందర్భాల్లో ఇది ఏమంత అరుదు కాదు. పవర్ ప్లేలో రెండో తప్పు చేయించేది సాధారణంగా ఆ ఒత్తిడే కదా.

ఎదుటి జట్టు అప్పటికే ముగ్గురికి తగ్గి ఉండగా ఇంకో చెయ్యి లేస్తే విజిల్ కోసం తొందరపడటానికి ఆ కాస్త సాకు కూడా ఉండదు. ముగ్గురికన్నా తక్కువకు ఏ జట్టునూ దించరు, మూడో శిక్ష ముందు రెండింటిలో ఒకటి అయ్యేదాకా మొదలవ్వదు. విజిల్ మోగితే మంచు మీద వాళ్ల సంఖ్య మారదు, మనవాళ్లే ఆరు నుంచి ఐదుకు తగ్గుతారు. అయినా ఆ స్థితిలో కూడా "షాట్ కొట్టి విజిల్ తెప్పించు" అనే కేకలు వినిపిస్తాయి. కేక వేసేవాడు లెక్క చూసి వెయ్యడం లేదని అంతకన్నా రుజువు ఏం కావాలి?

పక్ పట్టుకుని ఆగేవాడు కూడా గడియారం చూడాల్సిన చోటు ఒకటుంది, విజిల్ పక్షం చెప్పే చోటు మాత్రం కాదు. బాక్సులో మొదటివాడి శిక్ష ముగిసే క్షణం అది. అతను బయటికి రాగానే ఎదుటి జట్టు ఐదుగురవుతుంది, ఆట ఆరు–ఐదు అవుతుంది. అంతకన్నా ముఖ్యం, జట్టు ఇక తక్కువ మందితో లేదు కాబట్టి గోల్ పడితే చెయ్యెత్తిన ఆ రెండో మైనర్ రద్దైపోతుంది. శిక్ష ముగియడానికి ఒక్క సెకను ముందు కొట్టిన గోల్‌కు నిండు రెండు నిమిషాల పవర్ ప్లే తోడుగా వస్తుంది. ఒక్క సెకను తర్వాత కొట్టినదానికి ఏమీ రాదు. అమెరికా కళాశాలల హాకీలో ఈ గీత లేదు, అక్కడ డిలేడ్ పెనాల్టీ మీద గోల్ పడినా శిక్ష అమలవుతుంది. నేషనల్ హాకీ లీగ్‌లో ఉంది. కాబట్టి బెంచి మీద నుంచి ఎవరైనా కేక వెయ్యాలనుకుంటే "విజిల్" అని కాదు, మిగిలిన సెకన్లు చెప్పాలి. పదిహేను, పది, ఎనిమిది. ఎనిమిది దగ్గర ఉన్నదాంట్లో మంచి షాట్ కొట్టాలి. గోలీ దాన్ని పట్టుకున్నా నష్టం లేదు. నిండు రెండు నిమిషాలూ మన కోసం అప్పటికీ అక్కడే ఉంటాయి.